సర్పి: ఓపీలో నేను వినే అపోహలు, చెప్పే వాస్తవాలు

భీమిలి దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. వయసు అరవై దాటింది, చాలా ఏళ్లుగా షుగరు. కుడివైపు రొమ్ము కింద నుంచి వీపు దాకా ఎండిన ఎర్రమట్టి. తడిపి తీస్తే కింద పొక్కులు చితికి పుండ్లయి ఉన్నాయి. "ఎన్నాళ్లయిందమ్మా?" అని అడిగాను. "తొమ్మిది రోజులు బాబూ, మూడుసార్లు మంత్రం వేయించాం" అన్నారు. పుండ్లు మానాయి. నొప్పి మాత్రం ఎనిమిది నెలలు వదలలేదు. జాకెట్టు తగిలినా నిప్పు అంటుకున్నట్టుందని ఏడ్చేవారు. విశాఖలో చర్మ వైద్యం చేస్తున్న నన్ను ఆ ఏడుపు ఇప్పటికీ వెంటాడుతుంది. ఆవిడకు వచ్చింది సర్పి; వైద్యులు హెర్పిస్ జోస్టర్ అంటారు. ఆవిడను తొలి రోజుల్లోనే ఆస్పత్రికి రానివ్వని మాటలేవో, వాటి గురించే ఇది.

అపోహ: పాము దోషం వల్లో, ఒంటి మీద పురుగు పాకడం వల్లో సర్పి వస్తుంది.

వాస్తవం: చిన్నప్పుడు ఆటలమ్మ పోసింది గుర్తుందా? ఆ వైరస్సే ఇది. పేరు వేరిసెల్లా జోస్టర్, హెర్పిస్ కుటుంబానికి చెందినది. పొక్కులు మాడి, వేపాకు నీళ్లతో తలంటు పోశాక అమ్మవారు వెళ్లిపోయిందనుకుంటాం. వైరస్ అప్పటికే వెన్నెముక పక్కనున్న నాడీ ముడుల్లోకి చేరి ఉంటుంది. దానికి అంతకంటే అనువైన చోటు లేదు. చర్మకణాలు రాలిపోతాయి, కొత్తవి పుడతాయి; నాడీకణం అలా కాదు, విభజన చెందకుండా మన ఆయుష్షంతా ఉంటుంది. ఆ కణకేంద్రకంలో సుమారు 1,25,000 అక్షరాల పొడవున్న వైరస్ డీఎన్‌ఏ ఉంగరంలా చుట్టుకొని ఉంటుంది. మన క్రోమోజోముల్లో కలిసిపోదు. దానికున్న సుమారు 70 జన్యువులు దాదాపు అన్నీ మౌనంగా ఉంటాయి. వైరస్ ప్రొటీన్లు తయారు కాకపోతే మన రక్షణ వ్యవస్థకు ఆనవాలు దొరకదు.

అయితే అది తలెత్తబోయినప్పుడు అణచడానికి రక్షణ వ్యవస్థలోని టి-కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) కాపలా కాస్తుంటాయి. వయసు 50 దాటినా, కీమోథెరపీ జరుగుతున్నా, స్టెరాయిడ్లు ఎక్కువ కాలం వాడినా, హెచ్ఐవీ ఉన్నా ఆ కాపలా సడలుతుంది. అప్పుడు వైరస్ నిద్ర లేచి, పెరిగి, అదే నాడి వెంట చర్మం దాకా దిగుతుంది. దారి పొడవునా నాడి వాచి దెబ్బతింటుంది. అందుకే పొక్కుల కంటే ముందే మంట మొదలవుతుంది. ఎడమ ఛాతీలో నొప్పి అని గుండె పరీక్షలు చేయించుకొని, అన్నీ బాగున్నాయని ఇంటికి వెళ్లాక మూడో రోజు పొక్కులు చూసుకొని వచ్చేవారు ఉంటారు. ఈ నిద్ర, మేలుకొలుపుల కథను 1965లో ప్రతిపాదించింది ఇంగ్లండులోని ఒక కుటుంబ వైద్యుడు, ఎడ్గార్ హోప్-సింప్సన్. తన దగ్గరకు వచ్చిన రోగుల వివరాలు ఏళ్ల తరబడి రాసుకొని ఆ మాట చెప్పారు. ఆ ఓపిక నాకు ఎంతో ఇష్టం.

అపోహ: సర్పి నడుము చుట్టూ తిరిగి రెండు కొనలూ కలిస్తే ప్రాణం పోతుంది.

వాస్తవం: ఒక్కో నాడి శరీరంలో ఒక పక్కకే వెళ్తుంది. కాబట్టి పొక్కులు సాధారణంగా మధ్యగీత దగ్గరే ఆగుతాయి. ఒళ్లంతా పాకితే మాత్రం రక్షణ శక్తి బాగా తగ్గిందని అర్థం; వెంటనే ఆస్పత్రిలో చూపించాలి.

అపోహ: మంత్రంతో, మట్టితో తగ్గినవాళ్లు ఎంతమంది లేరు?

వాస్తవం: ఉన్నారు. ఎందుకంటే పొక్కులు రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతట అవే మానతాయి. మంత్రం వేసేవారి మీద నాకు కోపం లేదు, నమ్మకంతోనే వేస్తారు. నా బాధంతా పోయిన రోజుల గురించి. పొక్కులు కనిపించిన 72 గంటల్లో వైరస్‌ను అడ్డుకునే ఎసైక్లోవిర్ లేదా వాలాసైక్లోవిర్ మందు మొదలుపెడితే కొత్త పొక్కులు తొందరగా ఆగుతాయి, పుండ్లు త్వరగా మానతాయి, తొలి రోజుల నొప్పి తగ్గుతుంది. ఆ గడువు దాటినా రండి. కొత్త పొక్కులు లేస్తుంటే మందు ఇస్తాం. ఎసైక్లోవిర్ వెనకున్న అమెరికా శాస్త్రవేత్త గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మందును పనిలోకి దించేది వైరస్ సొంత ఎంజైమే. నిద్రపోతున్న వైరస్ ఆ ఎంజైమును తయారు చేయదు. అందుకే ఈ మందు వైరస్‌ను పూర్తిగా తుడిచేయలేదు.

అపోహ: చీటీలో హెర్పిస్ అని రాశారు, అంటే తప్పుడు సంబంధాల వల్ల వచ్చిందే.

వాస్తవం: కాదు. మనుషులకు సోకే హెర్పిస్ వైరస్‌లు తొమ్మిది. సర్పిని తెచ్చేది ఆటలమ్మ వైరస్, సుఖవ్యాధి వైరస్ వేరు. ఈ ఒక్క పదం వల్ల భార్యాభర్తలు మాటలు మానేయడం చూశాను. దయచేసి ఇంట్లో అందరికీ చెప్పండి.

అపోహ: సర్పి అంటుకుంటుంది, మనిషిని వేరే గదిలో ఉంచాలి.

వాస్తవం: ఒకరి సర్పి మరొకరికి సర్పిగా రాదు. పొక్కుల నీరు తగిలితే, ఆటలమ్మ రానివారికి, టీకా వేయించుకోనివారికి ఆటలమ్మ రావచ్చు. పొక్కులు పొలుసు కట్టేదాకా గుడ్డ కప్పి ఉంచండి. ఆటలమ్మ రాని గర్భిణులను, పసిపాపలను, రక్షణ శక్తి తగ్గినవారిని దూరంగా ఉంచితే చాలు. కంచం వేరు చేయకండి.

అపోహ: ఒకసారి వస్తే ఇక రాదు.

వాస్తవం: మళ్లీ రావచ్చు. 50 దాటినవారికి టీకా ఉంది. 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు మోతాదులు. ఖరీదు ఎక్కువే, అయినా షుగరు ఉన్న పెద్దవారు ఆలోచించమని నేను గట్టిగా చెబుతాను.

చివరగా ఒకటి. పొక్కులు నుదుటి మీద, ముఖ్యంగా ముక్కు కొనన కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకండి. ముక్కు కొనకు వచ్చే నాడి కొమ్మే కంటికీ వెళ్తుంది. ఆ రోజే కంటి వైద్యులకు చూపించండి.