పల్చబడిన గర్భాశయ పొర మళ్లీ పెరుగుతుందా?

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఐవీఎఫ్ కోసం తిరుగుతున్న దంపతులకు స్కానింగ్ రిపోర్టులోని ‘ఈటీ’ అనే రెండు అక్షరాలు బాగా తెలుసు. గర్భాశయం లోపలి పొర అయిన ఎండోమెట్రియం మందాన్ని అది చెబుతుంది. పిండాన్ని ప్రవేశపెట్టే సమయానికి ఆ మందం 7 మిల్లీమీటర్లకు చేరకపోతే పొర పల్చగా ఉన్నట్టు వైద్యులు సాధారణంగా భావిస్తారు. అంతకంటే పల్చని పొరలోనూ గర్భం నిలిచిన సందర్భాలున్నాయి కనుక, ఆ ఒక్క అంకెను చూసి ఆశ వదులుకోనక్కరలేదు.

ఈ పొరలో పైభాగం నెలనెలా బహిష్టులో రాలిపోతుంది. అడుగున మిగిలిన పునాది పొర నుంచి, చెరకు నరికాక దుబ్బుల్లోంచి పిలకలు లేచినట్టు, ఈస్ట్రోజెన్ ప్రభావంతో కొత్త పొర పెరుగుతుంది. పదే పదే చేసిన డీ అండ్ సీ (గర్భాశయం లోపలి పొరను గీకి తీసే ప్రక్రియ) వల్ల గాని, మన దేశంలో తరచు కనిపించే గర్భాశయ క్షయ వల్ల గాని ఆ పునాదే మచ్చకట్టిపోతే, హార్మోన్ మాత్రల మోతాదు ఎంత పెంచినా స్పందించే కణాలు అక్కడ మిగలవు. దెబ్బతిన్న కణజాలాన్ని తిరిగి పెంచే (రీజెనరేటివ్) చికిత్సలు పూడ్చాలని చూస్తున్నది ఈ లోటునే.

ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్నది పీఆర్‌పీ, అంటే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా. స్త్రీ చేతి నుంచి తీసిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు దట్టంగా ఉన్న ప్లాస్మాను వేరుచేసి, అందులో కొద్దిపాటి భాగాన్ని సన్నని గొట్టంతో గర్భాశయంలోకి పంపుతారు. ప్లేట్‌లెట్లు విడుదల చేసే పదార్థాలు కొత్త రక్తనాళాలకు, కణ విభజనకు ఊతమిస్తాయన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. 2015లో చైనా వైద్యులు ఐదుగురికి ఇలా చేయగా ఐదుగురూ గర్భం దాల్చారు. ఆశ కలిగించే మాటే; కాని ఈ చికిత్స పొందనివారితో పోల్చి చూడని ఐదుగురి ఫలితాన్ని రుజువుగా తీసుకోలేము.

మూలకణాల (స్టెమ్ సెల్స్) సంగతి ఇంకా ఆసక్తికరమైనది. ఎముక మజ్జ మార్పిడి జరిగిన నలుగురు స్త్రీల గర్భాశయ పొరలో దాత కణాలు ఉన్నట్టు 2004లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన హ్యూ టేలర్ చూపారు. మజ్జలోని కణాలు అంత దూరం వచ్చి పొరలో కుదురుకోగలవని దీనితో తేలింది. 2016లో స్పెయిన్‌లో 16 మందికి వారి సొంత మజ్జ కణాలనే గర్భాశయ ధమనుల ద్వారా అందించగా కొందరు గర్భవతులయ్యారు. అయినా భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో ఇటువంటి మూలకణ ప్రయోగాలు అనుమతి పొందిన పరిశోధనలలోనే జరగాలి. ప్యాకేజీ కట్టి అమ్మే చికిత్సగా ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతాను.

వీటన్నిటికంటే ముందు హిస్టరోస్కోపీతో, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టంతో, గర్భాశయం లోపల చూసి, గోడలు ఒకదానికొకటి అంటుకున్న అతుకులుంటే విడదీయించుకోవడం, క్షయ పరీక్ష చేయించుకోవడం అవసరం. క్షయ బయటపడితే దాని మందుల కోర్సు పూర్తయ్యాకే పీఆర్‌పీ గురించి డాక్టరుగారితో మాట్లాడాలి.