మొయినాబాద్ రాత్రి చలి చెట్లది కాదు

డిసెంబరులో రాత్రి పది దాటాక మోటారు సైకిలు మీద హైదరాబాద్ లంగర్‌హౌస్ నుంచి చేవెళ్ల దారి పడితే, అప్పా కూడలి దాటగానే ఒళ్లు జివ్వుమంటుందనీ, అది దారి పొడవునా ఉన్న మర్రిచెట్ల మహిమేనా అనీ ఒక పాఠకుడు అడిగారు. చలి నిజం. మర్రికి మాత్రం ఆ పేరు దక్కదు. రాత్రిపూట ఆ దారిలోని మొయినాబాద్‌ను చల్లబరిచేది చెట్లు లేని జాగా: బీళ్లు, కూరగాయల మళ్లు, వాటిపైన అడ్డులేని ఆకాశం.

చెట్టు కొలువు పగటిది. నీడ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని వదిలేస్తాను. ఆకుల నుంచి ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 24 లక్షల జౌళ్ల వేడి కావాలి. పెద్ద మర్రి రోజుకు వంద లీటర్లు పైకి తోడిందనుకుందాం. ఒకటిన్నర టన్నుల ఏసీ పన్నెండు పదమూడు గంటలు ఆగకుండా నడిస్తే గదిలోంచి బయటికి తోసే వేడి ఎంతో, అది అంత. కానీ పొద్దుగూకాక ఆకుల్లోని రంధ్రాలు చాలావరకు మూసుకుంటాయి. ఇక మర్రి ఏమీ చల్లబరచదు.

ఇక్కడి నుంచి లెక్క అంతా నేలకూ ఆకాశానికీ మధ్య. వేడి ఉన్న ప్రతి వస్తువూ కంటికి కనబడని పరారుణ కిరణాలను వెదజల్లుతుంది. 20 డిగ్రీలున్న నేల చదరపు మీటరుకు సుమారు 420 వాట్లు పైకి పంపుతుంది. గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ అందులో చాలా భాగాన్ని పట్టుకుని, తమ వంతు కిరణాలను కిందికి పంపుతాయి. పొడిగా, మబ్బు లేకుండా ఉండే శీతకాలపు రాత్రి అలా తిరిగొచ్చేది దాదాపు 320 వాట్లు. ఆకాశం అప్పు తీసుకునే తీరు ఇదీ: 420 పుచ్చుకుని 320 తీరుస్తుంది, మిగతా వంద ఎగ్గొడుతుంది. రాత్రంతా, గడియ గడియకూ, అడిగేవాడు లేకుండా.

ఎగ్గొట్టడానికి దానికొక దొడ్డిదారి ఉంది. ఎనిమిది నుంచి పదమూడు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యాల మధ్య నీటి ఆవిరి గానీ కార్బన్ డయాక్సైడ్ గానీ కిరణాలను పెద్దగా పట్టుకోవు. మన నేల, మన ఒళ్లు, మన గోడలు అత్యధికంగా వెదజల్లేది సరిగ్గా పది మైక్రాన్ల దగ్గరే! ఈ పొంతన లేకపోతే మన రాత్రులు ఎలా ఉండేవో ఊహించడానికే భయం.

ఇప్పుడు నగరంలోకి వచ్చి, ఇరుకైన మెహదీపట్నంలో ఒక సందులో నిలబడి పైకి చూడండి. ఆకాశం ఒక పేలిక. మిగిలినదంతా గోడలే. గోడ పంపిన వేడి ఎదురింటి గోడకు చేరుతుంది, ఆ గోడ తన వంతు వెనక్కి ఇస్తుంది. ఇవి చేబదుళ్లు, ఎవరూ ఎగ్గొట్టరు, డబ్బు వీధి దాటదు. పైగా కాంక్రీటుకు దాచుకునే గుణం ఎక్కువ. ఆరంగుళాల స్లాబు పగలు పది డిగ్రీలు అదనంగా వేడెక్కితే, చదరపు మీటరుకు సుమారు 30 లక్షల జౌళ్లు మూటగట్టుకున్నట్టే. దాన్ని పది గంటల పాటు విడుదల చేస్తే ఆ పది గంటలూ 80 వాట్ల పైమాటే. ఆకాశం వందా ఎగ్గొట్టినా, పెట్టెలోంచి ఎనభై తీసి సరిపెట్టుకునే ఆసామి ఇల్లు చితికిపోతుందా? ఎండిన దుక్కి నేల అలా కాదు. అది వేడిని కాంక్రీటు వేగంలో అయిదో వంతుతో కూడా లోపలికి పంపలేదు. జానెడు లోతుకు వెళ్తే పగటికీ రాత్రికీ తేడా దాదాపు తెలియదు. దాచుకున్నది పై పొరలోనే, అదీ పొద్దుగూకిన కాసేపటికి ఖర్చు. ఇదే కారణంగా మే నెల మధ్యాహ్నం ఇదే దుక్కి నగరం కంటే ఎక్కువ కాలుతుంది, ఉపగ్రహాల కొలతల్లో కూడా.

చెట్టు కింద సంగతి చూద్దాం. తెల్లవారుజామున మర్రి పక్కన వంగి చూస్తే, బయట గడ్డిపరకల కొనలకు మంచు బొట్లు కనిపిస్తాయి. కొమ్మల కిందకు రాగానే అదే గడ్డి పొడిగా ఉంటుంది. బయటి గడ్డి ఆకాశానికి అప్పిచ్చి గాలి కంటే చల్లబడింది, కింది గడ్డికి ఆకులు దాని వేడి దానికి తిరిగిచ్చేశాయి. అంటే రాత్రిపూట చెట్టు కింద కాస్త వెచ్చన. జలాశయాలూ అంతే. ఆ ప్రాంతానికి ఒకవైపు గండిపేట, మరోవైపు హిమాయత్‌సాగర్ ఉన్నాయి కాబట్టి చల్లగాలి నీటి మీంచి వస్తుందనుకుంటారు. రాత్రి నీరు నేలకంటే వెచ్చగా ఉంటుంది.

రాత్రి చెట్టు కింద పడుకోవద్దని పెద్దలు దెయ్యం పేరు చెప్పి భయపెట్టేవారు. సైన్సు మాస్టార్లు దెయ్యాన్ని తీసేసి ఆ స్థానంలో కార్బన్ డయాక్సైడ్‌ను కూర్చోబెట్టారు. ఆరుబయట ఆకులు వదిలే వాయువు కంటే, తలుపులు మూసిన గదిలో పక్కన పడుకున్న మనిషి వదిలేదే ఎక్కువ ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. రావిచెట్టు రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తుందన్నది దీనికి తోబుట్టువు. వెలుగు లేకుండా ఏ ఆకూ ఆక్సిజన్ తయారు చేయదు, ఎంత పుణ్యవృక్షమైనా.

1908 మూసీ వరద తర్వాత గండిపేట చెరువు 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి పరిరక్షణకు 1996లో వచ్చిన 111 జీవో పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. జీవో రాసినవారి దృష్టి నీళ్ల మీద. కానీ అపార్టుమెంట్లు లేవకపోవడంతో ఆకాశం కూడా తెరిచే ఉండిపోయింది. అందుకే, ఇరవై అంతస్తుల భవనాల మధ్య వరసగా మొక్కలు నాటి 'పల్లె చల్లదనం' అని అమ్మే ప్రకటనలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మొక్కలు పెరిగి మే మధ్యాహ్నాన్ని తప్పక ఆదుకుంటాయి. డిసెంబరు రాత్రిని తెచ్చివ్వలేవు. చేవెళ్ల దారిలోని తొమ్మిది వందల చిల్లర మర్రులను కాపాడాలని ఏళ్లపాటు పోరాడినవారి పక్షమే నాది. దారికి అటూ ఇటూ ఉన్న బీళ్ల కోసం పోరాడేవారు లేరన్నదే నా ఫిర్యాదు.

నమ్మకం కుదరకపోతే, దూరం నుంచి ఉష్ణోగ్రత కొలిచే పరారుణ థర్మామీటరు ఒకటి కొనండి. జ్వరం చూసేది పనికిరాదు, యంత్రాలకు వాడేది కావాలి. మబ్బులేని శీతకాలపు రాత్రి నేరుగా నడినెత్తికి గురిపెడితే, మీ చుట్టూ గాలి పద్దెనిమిది డిగ్రీలున్నా అది సున్నా కంటే దిగువన చూపిస్తుంది. మర్రి కొమ్మలకు గురిపెడితే గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా వస్తుంది. ఒక దట్టమైన మబ్బు దాటుతున్నప్పుడు మళ్లీ పైకి గురిపెట్టండి, అంకె గబగబా పెరుగుతుంది. మబ్బులోని నీటి బొట్లు ఆ దొడ్డిదారిని కూడా మూసేస్తాయి. ఆషాఢ మాసంలో మొయినాబాద్‌కీ మెహదీపట్నానికీ రాత్రి తేడా పెద్దగా తెలియకపోవడం అందుకే.