పిల్లలతో గోల్కొండ, చార్మినార్: అపోహలు - వాస్తవాలు

"మేడమ్, పొద్దున గోల్కొండ, అక్కణ్నుంచి కుతుబ్‌షాహీ సమాధులు, మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియం, తర్వాత చౌమహల్లా ప్యాలెస్, సాయంత్రం చార్మినార్, లాడ్ బజార్‌లో గాజులు, రాత్రికి ట్యాంక్‌బండ్. పిల్లలు ఇద్దరు. పెద్దాడికి ఆరేళ్లు, చిన్నదానికి రెండున్నర. అయిపోతుందా?"

దసరా, సంక్రాంతి సెలవులు దగ్గరపడితే నా ఫోన్ నిండా ఇలాంటి మెసేజ్‌లే. పేర్లు మారతాయి, ఊళ్లు మారతాయి, ఈ జాబితా మాత్రం మారదు. హైదరాబాద్‌లో కుటుంబాలకు, స్కూల్ పిల్లలకు కోటలు, మ్యూజియంలు తిప్పి చూపించడం నా పని. అడిగిన ప్రతివాళ్లకూ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసి పెడదామనిపించింది.

అపోహ: ఇంత దూరం వచ్చాం కాబట్టి ఒక్కరోజులో అన్నీ చూసెయ్యాలి

ఐదేళ్ల లోపు పిల్లలుంటే కుదరదు. నేను చూసినంతలో కుటుంబాలకు అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ ఆలోచనే. డబ్బు పోతుంది, పిల్లలకు జ్వరాలొస్తాయి, తిరుగు ప్రయాణంలో మొగుడూ పెళ్లాం మాట్లాడుకోరు. ఆ తర్వాత చాలామంది మళ్లీ ఈ ఊసే ఎత్తరు.

లెక్క చూడండి. గోల్కొండ పైదాకా ఎక్కి దిగడానికి పెద్దవాళ్లకే రెండు మూడు గంటలు పడుతుంది. అక్కణ్నుంచి చార్మినార్ దాదాపు పది కిలోమీటర్లు, ట్రాఫిక్‌ను బట్టి గంట అనుకోండి. మధ్యలో పిల్లలు తినాలి, బాత్రూమ్‌కి వెళ్లాలి, చిన్నదానికి మధ్యాహ్నం నిద్ర కావాలి. ఆ నిద్ర తప్పితే సాయంత్రం చార్మినార్ దగ్గర ఏం జరుగుతుందో తల్లులకు నేను చెప్పక్కర్లేదు.

ఇక గోల్కొండ సంగతి. అది గ్రానైట్ కొండ. దాదాపు 360 మెట్లు, సుమారు 400 అడుగుల ఎత్తు. మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండవు, కొన్ని మూడేళ్ల పిల్ల తొడ దాకా వస్తాయి. పదకొండు దాటితే రాయి వేడెక్కిపోతుంది. పైనుంచి ఎండ, కింది నుంచి రాతి సెగ. పైకి వెళ్లేకొద్దీ నీడ తక్కువ.

ఒకసారి ఏప్రిల్‌లో, మిట్టమధ్యాహ్నం, సగం మెట్ల దగ్గర ఒక కుటుంబం కనిపించింది. నాన్న భుజం మీద నాలుగేళ్ల బాబు తల వాల్చేసి ఉన్నాడు. అమ్మ కొంగు పట్టి వాడికి నీడ చేస్తోంది. వాళ్ల దగ్గర మిగిలింది సీసా అడుగున కాస్త కూల్‌డ్రింక్. "ఇంకా ఎంత దూరం అక్కా?" అని అడిగిందావిడ. బాబు బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. ఏడుస్తున్నాడు గానీ కన్నీళ్లు రావడం లేదు. అది చూశాక నాకు కాళ్లు ఆడలేదు. "పైకి వద్దమ్మా, ముందు దిగుదాం" అన్నాను. గోడ నీడలో కూర్చోబెట్టి, చున్నీ తడిపి మెడ, చంకలు, కాళ్లు తుడుస్తూ, బ్యాగ్‌లో ఉన్న ఓఆర్‌ఎస్ కలిపి గుక్క గుక్కగా పట్టించాం. కాసేపటికి వాడు కళ్లు తెరిచి అమ్మను గుర్తుపట్టి మాట్లాడాడు. ఆ తర్వాతే వాళ్లను ఆటో ఎక్కించి డాక్టర్ దగ్గరికి పంపాను. పిల్లాడు కోలుకున్నాడు.

వాళ్ల నాన్న అన్న మాట మాత్రం మర్చిపోలేను. "పైదాకా వెళ్లకపోతే టికెట్ డబ్బులు వేస్ట్ కదండీ" అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. సెలవు దొరక్క దొరక్క దొరికింది, బస్సు చార్జీలు, లాడ్జి ఖర్చు పెట్టుకుని వచ్చాడు. పిల్లలకు అన్నీ చూపించాలన్న తాపత్రయం తప్పెలా అవుతుంది? కానీ ఒక సంగతి తెలుసుకోండి. గోల్కొండ, చార్మినార్ లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్టే లేదు. పైదాకా వెళ్లకపోయినా వాళ్ల తరఫున పోయే డబ్బేమీ లేదు.

పైకి ఎక్కకుండానే గోల్కొండలో పిల్లలు ఎగిరి గంతులేసే చోటు ఒకటుంది. బాలా హిస్సార్ దర్వాజా దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొట్టే చోటు. అక్కడ మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే కొండ మీద ఉన్న మండపం, బారాదరి దాకా వినిపిస్తుంది. గేటు దగ్గరికి ఎవరొచ్చారో పైవాళ్లకు తెలియడానికి కుతుబ్‌షాహీల కాలంలో చేసుకున్న ఏర్పాటు అది. నేను కుటుంబాలను రెండు జట్లు చేస్తాను. నాన్న, పెద్దపిల్లాడు పైకి. అమ్మ, చిన్నది కింద. పైవాళ్లు చేరగానే ఫోన్ చేస్తారు. చిన్నది గుమ్మటం కింద నిలబడి మూడు చప్పట్లు కొడుతుంది. ఫోన్లో అన్న గొంతు: "మూడు! మూడు కొట్టావ్!" తర్వాత దాన్ని నాలుగడుగులు పక్కకు జరిపి కొట్టిస్తాను. ఈసారి పైనుంచి "ఏం వినపడట్లేదు" అంటాడు. ఆ రెండున్నరేళ్ల పిల్ల మళ్లీ తనంతట తానే మధ్యలోకి పరిగెత్తుకుంటూ వచ్చి నిలబడుతుంది చూడండి, ఆ రోజుకు అది చాలు. జనం పెరిగితే మాత్రం అందరి చప్పట్లూ కలిసిపోయి ఏదీ తెలియదు. అందుకే గేటు తెరిచే వేళకే రమ్మంటాను.

మరి ఎలా ప్లాన్ చేసుకోవాలి? ఒక రోజు గోల్కొండ, ఓపిక ఉంటే దగ్గర్లోనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులు. ఇంకో రోజు చౌమహల్లా, చార్మినార్, లాడ్ బజార్. ఈ మూడూ నడిచి చేరుకోగలిగినంత దగ్గర. సాలార్‌జంగ్‌కి విడిగా ఒక పూట. చేతిలో ఉన్నది ఒక్కరోజే అయితే వీటిలో ఒక్కటి ఎంచుకోండి. మిగతావి ఎక్కడికీ పోవు. చార్మినార్ 1591 నుంచి అక్కడే ఉంది.

అపోహ: ఇంత చిన్న పిల్లలకు చరిత్ర ఏం అర్థమవుతుంది?

రాజుల పేర్లు, సంవత్సరాలు అర్థం కావు, నిజమే. కానీ సాలార్‌జంగ్‌లో సంగీత గడియారం ముందు నాలుగేళ్ల పిల్లను కూర్చోబెట్టి చూడండి. సెకనుకోసారి సుత్తి దెబ్బ వేసే కమ్మరి బొమ్మను కన్నార్పకుండా చూస్తుంది. గంట అయ్యే ముందు తలుపు తీసుకుని గడ్డం మనిషి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి వెళ్లిపోతాడు. అందరూ పన్నెండు గంటలకే ఎగబడతారు, పన్నెండు దెబ్బలు వినాలని. పసిపిల్లలతో ఉన్నవాళ్లు పదకొండుకే వెళ్లండి. అదే మనిషి వస్తాడు, ఒక్క దెబ్బే తక్కువ, పిల్లను భుజం మీదికి ఎత్తాల్సిన పని ఉండదు.

చౌమహల్లాలో దర్బార్ హాలు షాండ్లియర్లు పెద్దవాళ్లకు నచ్చుతాయి. పిల్లలు మాత్రం నిజాం పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ దగ్గర ఆగిపోతారు. ఆగనివ్వండి. తొందరపెట్టకండి.

ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబంతో పెద్దావిడ కూడా వచ్చారు. గోల్కొండలో రామదాసు బందీఖానాకు తీసుకెళ్లాను. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్నను తానీషా కాలంలో ఉంచారంటారే, ఆ చీకటి గది. గోడ మీద చెక్కిన సీతారామలక్ష్మణులు, హనుమంతుడి రూపాలు, పైన వెలుతురు పడే కంత. ఐదేళ్ల మనవడు ఆ కంతను చూసి "నాన్నమ్మా, వానొస్తే ఆయన తడిసిపోడా?" అన్నాడు. పెద్దావిడ వాణ్ని దగ్గరికి తీసుకుని భద్రాచలం గుడి సంగతి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు. నేను పక్కకు తప్పుకున్నాను. ఆ రోజు అక్కడ నాకన్నా మంచి గైడ్ ఆవిడే.

సాలార్‌జంగ్ నుంచి బయటికొచ్చాక మూసీ ఒడ్డున 1908 వరద కథ చెప్పండి. సెప్టెంబర్ 28న ఊరు మునిగినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. చెట్టెక్కి బతకడం ఏ పిల్లాడికి అర్థం కాదు?

అపోహ: పాతబస్తీలో పిల్లల్ని ఎత్తుకెళ్తారట

ఈ "అట" అనే మాట వింటే నాకు ఓపిక నశిస్తుంది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకాయి. వాటిని నమ్మిన జనం చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్‌ను కొట్టి చంపారు. ఆ మెసేజ్ ఫార్వార్డ్ చేసినవాళ్లలో చాలామంది తల్లిదండ్రులే అయ్యుంటారు. దయచేసి అలాంటివి పంపకండి.

భయపడే తల్లిని మాత్రం నేను తప్పుపట్టను. భయపడాల్సిన విషయాలు వేరు: లాడ్ బజార్ రద్దీలో చెయ్యి జారడం, బండ్లు అడ్డంగా రావడం. పొద్దున్నే ఆ రోజు బట్టల్లో పిల్లల ఫొటో ఒకటి తీసుకోండి. మణికట్టు లోపలివైపు పెన్నుతో మీ నంబర్ రాయండి. "కనపడకపోతే కదలకుండా అక్కడే నిలబడు, పోలీసుకో, షాపులో కూర్చున్న ఆంటీకో చెప్పు" అని రెండుసార్లు చెప్పించండి. పాతబస్తీలో పిల్ల తప్పిపోతే చుట్టుపక్కల షాపులవాళ్లు పని ఆపి వెతకడం నేను కళ్లారా చూశాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

గోల్కొండ నుంచి చార్మినార్ దాకా సొరంగం చూపిస్తామని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. సందర్శకులు వెళ్లే సొరంగం ఏదీ లేదు.

కోహినూర్ గోల్కొండ కొండలో దొరకలేదు. గోల్కొండ వజ్రాల బజారు. గనులు కృష్ణా తీరంలో, కొల్లూరు లాంటి చోట్ల ఉండేవి. గుంటూరు వైపు నుంచి వచ్చే పిల్లలకు ఇది చెబితే మొహాలు వెలిగిపోతాయి.

స్ట్రోలర్ తెచ్చుకోవద్దు. మెట్లు, రాళ్లు, రద్దీ, ఏ చోటా పనికిరాదు. చంటిదాన్ని ఒంటికి కట్టుకునే క్యారియర్ మేలు. చార్మినార్ మెట్లు ఇరుకు, నిటారు, మెలి తిరిగి ఉంటాయి. చంటిపిల్లను ఎత్తుకుని ఎక్కకండి. ఒకరు కింద ఉండి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తింటూ చూడొచ్చు. పాలిచ్చే తల్లులకు చౌమహల్లా తోటల్లో పక్కగా కూర్చునే వీలు దొరుకుతుంది, మొహమాటపడకండి.

చివరిగా, శుక్రవారం. సాలార్‌జంగ్, చౌమహల్లా రెండింటికీ ఆ రోజు సెలవు. తాళం వేసిన గేటు ముందు పిల్లలతో నిలబడ్డ కుటుంబాలను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. జూపార్క్‌కి సోమవారం సెలవు. మీకు శుక్రవారమే కుదిరితే గోల్కొండ పెట్టుకోండి. తలకు టోపీలు, మనిషికో నీళ్ల సీసా, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తీసుకుని తొమ్మిదికల్లా గేటు దగ్గర ఉండండి. పదకొండు దాటకముందే దిగిపోండి.