జడ్జిగారికి ఎవరు కావలసినవాళ్లు?

చిత్తూరు కోర్టు బయట టీ కొట్టు దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట చెవిన పడుతుంది: "ఆ సార్‌కు ఎవురన్నా కావాల్సినోళ్లు ఉండారా?" కేసులో బలమెంత అన్నది ఆ తర్వాతి సంగతి. ఇదంతా అవినీతి బుద్ధి అని కొట్టిపారేయడం తేలికే. కానీ ఒకప్పుడు చట్టమే ఇలాంటి పరిచయాన్ని కోరుకుంది.

తిరుమల కొండ మీద మన్రో గంగాళం అంటాం కదా, ఆ థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరు. మదనపల్లె, వాయల్పాడు అప్పట్లో కడప కింద ఉండేవి, 1911లో చిత్తూరు జిల్లాలో కలిశాయి. ఎక్కడో కూర్చున్న తెల్లదొరకు ఊరి గట్టు తగాదా ఏం అర్థమవుతుందన్నది మన్రో వాదన. ఆయన పట్టుదలతోనే 1816లో మద్రాసు ప్రెసిడెన్సీలో గ్రామ మునసబుకు చిన్న దావాలు తీర్చే అధికారం వచ్చింది.

మునసబు వాదికి మేనమామ వరస, ప్రతివాదికి పక్క చేనివాడు. ఎవరి నాగలి ఎప్పుడు గట్టు దాటిందో ఆయనకు సాక్షులు చెప్పక్కర్లేదు. అరుగు మీద బంధువు కూర్చుంటే, దళితవాడ మనిషి కింద నిలబడి మొరపెట్టుకోవాలి. ఎరిగినవాడి తీర్పులో ఈ రెండూ ఉండేవి. వంశపారంపర్యంగా వచ్చిన ఆ పదవిని 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం తీసేసింది.

ఈలోగా చట్టం తిరగబడింది. పరిచయమే అనర్హత అయింది. దగ్గరి బంధువైన జడ్జి ముందు వకీలు వాదించకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. జడ్జీల బంధువులు ప్రాక్టీసు చేసే హైకోర్టులో ఆ జడ్జీలను వేయొద్దని 2009లో లా కమిషన్ చెప్పింది. 'అంకుల్ జడ్జీలు' అనే మాట అప్పుడే బాగా నలిగింది. దక్షిణ కొరియాలో బాధ ఇంకో రకం, అక్కడ రిటైరై వకీలైన జడ్జికి పాత కోర్టులో మర్యాద ఎక్కువ. పదవి దిగే ముందు పనిచేసిన కోర్టు కేసులు ఏడాదిపాటు తీసుకోకూడదని 2011లో చట్టం మార్చారు.

కింది కోర్టుల్లో జడ్జీలు బదిలీ అవుతుంటారు. వకీళ్లు, గుమాస్తాలు ఊళ్లోనే ఉంటారు. పరిచయం వాళ్ల దగ్గర మొదలవుతుంది.

పై కోర్టుల జడ్జీల నడవడిపై సుప్రీంకోర్టు 1997లో ఆమోదించిన సూత్రాల్లో ఒకటి నాకు తమాషాగా అనిపిస్తుంది. కుటుంబం, దగ్గరి బంధువులు, స్నేహితుల నుంచి తప్ప కానుకలు, ఆతిథ్యం తీసుకోరాదట. స్నేహితుడి కేసు మాత్రం వినకూడదు. దర్శనానికి సిఫార్సు ఉత్తరం అడగని బంధువు లేని తిరుపతిలో, స్నేహితుడంటే ఎవరో తేల్చుకోవాల్సింది ఆ జడ్జిగారే.