సూట్ బుక్ చేశాం కదా, ఇంకేం కట్టాలి? పెద్ద క్రూజ్ ఓడల మీద అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో ట్రావెల్స్ నడుపుతున్నానంటే బెంగళూరు ఎయిర్‌పోర్ట్‌కి కార్లు, కాశీ యాత్రలు, షిర్డీ ప్యాకేజీలు అనుకుంటారు. నిజమే, ఎక్కువ అవే. కానీ ఈ మధ్య వాట్సాప్‌లో ఒకే రకం వీడియో పదే పదే వస్తోంది. మూడంతస్తుల గది, పై అంతస్తు నుంచి కిందికి జారుడుబల్ల, బాల్కనీలో వేడినీళ్ల టబ్బు, చుట్టూ సముద్రం. దాని కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ఈ రూము ఎంత? మేం ఐదుగురం."

ఆ గది రాయల్ కరీబియన్ అనే కంపెనీ వాళ్ల ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడలో ఉంది, పేరు అల్టిమేట్ ఫ్యామిలీ టౌన్‌హౌస్, లోపలే 1,772 చదరపు అడుగులు. ఓడల్లో ఇలాంటి పెద్ద, ఖరీదైన గదుల్నే సూట్ అంటారు. మన సాయినగర్‌లో చాలా త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్లు అంత ఉండవు. 2024 జనవరిలో అమెరికాలోని మయామీ నుంచి తిరగడం మొదలుపెట్టిన ఈ ఓడ పొడవు 365 మీటర్లు, 20 డెక్కులు (అంటే అంతస్తులు), నిండా ఎక్కితే 7,600 మంది ప్రయాణికులు, వాళ్లకి పనిచేసే సిబ్బంది ఇంకో 2,350 మంది. మండల కేంద్రం లాంటి ఊరు ఒకటి నీళ్ల మీద తేలుతూ పోతుంటే ఎవరికి చూడాలనిపించదు? అందులోనూ వానకి మొహం వాచిన జిల్లా మనది, చెరువు మరవ పారితేనే బండ్లు వేసుకుని వెళ్లి ఫోటోలు దిగుతాం. కాబట్టి ఆశపడినవాళ్లని నేను ఏమీ అనను. ఆ రీల్స్ చేసి, ధర సంగతి సగం చెప్పి సగం మింగేసేవాళ్ల మీదే నా కోపం.

అపోహ: చూపించిన రేటు గదికి. ఎంతమంది సర్దుకుంటే అంత లాభం.

డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను, మిగతావి చదవకపోయినా ఇది చదవండి.

హోటల్లో అద్దె గదికి. ఓడలో టికెట్టు మనిషికి. వెబ్‌సైట్‌లో సూట్ పక్కన కనపడే అంకె, ఆ గదిలో ఇద్దరు ఉంటారని లెక్కేసి అందులో ఒకరికి చెప్పిన రేటు. అంటే 3,000 డాలర్లు అని ఉంటే భార్యాభర్తలకి 6,000. మూడో మనిషికి, నాలుగో మనిషికి రేటు సాధారణంగా కొంచెం తగ్గుతుంది, కానీ ఊరికే రాదు. పోర్టు ఛార్జీలు, పన్నులు మనిషికి ఇంత అని మళ్లీ వేరు. ఒక్కరే వెళ్తామంటే సగం కట్టొచ్చు అనుకోవద్దు, చాలా ఓడల్లో ఒంటరి మనిషి ఇద్దరి రేటూ కట్టాల్సిందే. ఒంటరి ప్రయాణికుల కోసం చిన్న స్టూడియో గదులున్న ఓడలు కొన్ని ఉన్నాయి, అవి ముందే అయిపోతాయి.

ఆ పైన టిప్పులు. "మేం టిప్పులు ఇయ్యం అన్నా" అంటారు. హోటల్లోలా మీరు చేత్తో ఇచ్చే టిప్పు కాదిది, రోజుకి ఇంత అని మీ ఖాతాలో వాళ్లే వేసేది. నేను చూసిన రేట్లలో రాయల్ కరీబియన్ వాళ్లది మామూలు గదుల్లో మనిషికి రోజుకి 18.50 డాలర్లు, సూట్లలో 21 డాలర్లు. అవును, సూట్‌కి ఎక్కువ. నలుగురు ఏడు రాత్రులు సూట్‌లో ఉంటే 588 డాలర్లు, మన డబ్బుల్లో 50 వేల దాకా. చంటిబిడ్డకి కూడా పడుతుంది. వైఫై, కూల్‌డ్రింకులు, ఒడ్డున తిరిగే టూర్లు చాలావరకు వేరే. కొన్ని పెద్ద సూట్లలో ఇవన్నీ కలిపే ఇస్తారు, కానీ అన్ని సూట్లలో కాదు. కాబట్టి "సూట్ కదా, అన్నీ ఉంటాయి" అని ఎవరైనా చెబితే కాగితం మీద రాసివ్వమనండి.

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఒకాయన ఒకసారి వచ్చారు. ఆయన, భార్య, ఇద్దరు పిల్లలు, వాళ్లమ్మ. ఒక సూట్ ఫోటో, దాని రేటు స్క్రీన్‌షాట్ తీసుకుని, ఇంట్లో అందరికీ మాట ఇచ్చేసి మరీ వచ్చారు. "ఐదు మందికి ఇంతేనంట, మన ఊటీ ట్రిప్పుకి రెండింతలు, అంతే కదప్పా" అని ఒకటే సంబరం. లెక్క వేసి చూపిస్తే ఆయన ముఖం చూడలేకపోయాను. వెంటనే మన పద్ధతిలో బేరం మొదలైంది: ఇద్దరి పేర్ల మీద గది తీసుకుందాం, పిల్లలు కింద పరుపేసుకుంటారు, అమ్మకి సోఫా చాలు.

కుదరదు. ఏ గదిలో గరిష్ఠంగా ఎంతమంది అనేది ఓడలో కచ్చితమైన లెక్క, ఎందుకంటే ప్రమాదం వస్తే ఏ గదివాళ్లు ఎక్కడ చేరాలి, ఏ లైఫ్‌బోట్‌లో ఎంతమంది పడతారు అనేది ముందే నిర్ణయమై ఉంటుంది. ఒళ్లో బిడ్డ కూడా ఆ లెక్కలో ఒక మనిషే. గది ఎంత పెద్దదైనా నలుగురికి అని ఉంటే ఐదో మనిషి పేరు సిస్టమ్ తీసుకోదు. ఏజెంట్‌ని బతిమాలినా, తిట్టినా అంతే.

చివరికి ఆయనకి ఏం చేశామంటే, పక్కపక్కనే ఉండి మధ్యలో తలుపు ఉన్న రెండు బాల్కనీ గదులు తీసుకున్నాం. ఒకదాంట్లో ముగ్గురు, ఒకదాంట్లో ఇద్దరు. చాలాసార్లు ఇది ఒక్క పెద్ద సూట్ కంటే తక్కువకే వస్తుంది, పైగా రెండు బాత్రూములు. ఐదుగురు పొద్దున్నే తయారవ్వాలంటే రెండో బాత్రూము విలువ ఏమిటో పిల్లలున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. తిరిగొచ్చాక ఆ పెద్దామె ఓడ గురించి ఏమీ చెప్పలేదు, "నా గది నాకుండె నాయనా" అని మాత్రం అన్నారు.

అపోహ: సూట్ అంటే పెద్ద గది, దానికే ఆ డబ్బు.

గది పెద్దదే. మామూలుగా కిటికీ లేని లోపలి గది ఐకాన్‌లో 156 చదరపు అడుగుల దగ్గర ఉంటుంది, రెండు సూట్‌కేసులు తెరిస్తే కాలు పెట్టే చోటుండదు. కానీ మీరు కట్టే డబ్బులో చదరపు అడుగులది ఒక భాగమే. మిగతాది జనంలో కలవకుండా ఉండటానికి. ఏడు వేల మంది ఉన్నచోట అసలు ఖరీదైన వస్తువు క్యూ లేకపోవడమే. సూట్ వాళ్లకి వేరే రెస్టారెంటు, వేరే లాంజి, ఎక్కడానికి దిగడానికి ముందు వరుస. ఎమ్మెస్సీ అనే కంపెనీ ఓడల్లో యాట్ క్లబ్ అనీ, నార్వీజియన్ వాళ్ల ఓడల్లో హేవెన్ అనీ ఓడలోనే తాళం వేసుకున్న ఇంకో చిన్న ఓడలాంటి భాగం ఉంటుంది, మీ కార్డు ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది.

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు, గుంపులో ఊపిరాడనివాళ్లు, గదిలో కూర్చుని సముద్రం చూడటమే సెలవు అనుకునేవాళ్లు, వీళ్లు సూట్‌కి డబ్బు పెడితే నేను వద్దనను. పొద్దున టిఫిన్‌కి బయటపడి రాత్రి షో అయ్యాక గదికొచ్చే కుర్రజంటకి మాత్రం అంత గది ఎందుకో నాకు అర్థం కాదు. ఇంకోటి, జూనియర్ సూట్ పేరు చూసి మోసపోకండి. రాయల్ కరీబియన్‌లో అది గది కొంచెం పెద్దది, సూట్ వాళ్ల రెస్టారెంటులో రాత్రి భోజనం దొరుకుతుంది, లాంజిలోకి మాత్రం రానివ్వరు.

అపోహ: బాల్కనీ అంటే సముద్రం కనపడేదే.

మన ఊళ్లోనే ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ గారికి డల్లాస్‌లో ఉండే కొడుకు ప్రేమగా బాల్కనీ గది బుక్ చేశాడు. ఆయన తలుపు తీస్తే ఎదురుగా చెట్లు, బెంచీలు, ఎదుటి గదివాళ్లు కాఫీ తాగుతూ ఈయన్నే చూస్తున్నారు. రాయల్ కరీబియన్ వాళ్ల ఒయాసిస్ తరహా పెద్ద ఓడలు మధ్యలో చీలి ఉంటాయి, ఆ చీలికలో సెంట్రల్ పార్క్ అని నిజమైన మొక్కలతో తోట ఉంటుంది, దాని మీదికి తెరుచుకునే బాల్కనీలు తక్కువ రేటుకి అమ్ముతారు. ఆయనకి అది కూడా నచ్చింది, ఆ సంగతి వేరు. మీకు నీళ్లే కావాలంటే బుకింగ్‌లో 'ఓషన్ వ్యూ బాల్కనీ' అని ఉందో లేదో చూడండి.

వెనిస్ సంగతీ ఇలాంటిదే. సూట్ బాల్కనీలో నిలబడితే సెయింట్ మార్క్స్ కూడలి పక్కనుంచి ఓడ వెళ్తుందని పాత ఫోటోలు చూసి అడుగుతున్నారు. 2021 ఆగస్టు 1 నుంచి పెద్ద ఓడల్ని ఆ దారిలోకి రానివ్వడం లేదు. ప్యాకేజీలో 'వెనిస్' అని ఉన్నా ఓడ ఆగేది వేరే రేవులో, అక్కడి నుంచి బస్సో పడవో ఎక్కాలి. ఓడ ఎంత పెద్దదైతే అది పోలేని చిన్న రేవులు అన్ని ఎక్కువ. ఇది మాత్రం ఏ రీల్‌లోనూ చెప్పరు.

అపోహ: పై డెక్కు, ముందు వైపు, ఖరీదైన గది. అక్కడ వాంతులు రావు.

తిరగేసి చదవండి. ఊపు తక్కువ ఉండేది కింది డెక్కుల్లో, ఓడ మధ్యభాగంలో. పైకి పోయేకొద్దీ, ముందుకో వెనక్కో పోయేకొద్దీ కదలిక ఎక్కువ, సూట్లు చాలావరకు పైనే ఉంటాయి. ఇంత పెద్ద ఓడలకి పక్కల స్టెబిలైజర్లు, అంటే ఊపు తగ్గించే రెక్కల్లాంటివి, ఉంటాయి కాబట్టి మామూలు రోజుల్లో చాలామందికి ఏమీ తెలియదు. అయినా ఘాట్ రోడ్డులో బస్సెక్కితే కవర్ పట్టుకునే మనిషి ఇంట్లో ఉంటే మధ్య గది తీసుకోండి, మాత్రలు డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి.

అపోహ: రెండున్నర లక్షల టన్నుల బరువు, ఎలా తేలుతుంది? టైటానిక్ గుర్తులేదా?

ఇది ఎక్కువగా అమ్మలు, అత్తలు అడుగుతారు, నవ్వే విషయం కాదు. ఐకాన్‌కి చెప్పే 2,48,663 అనేది అసలు బరువు కాదు, ఓడ లోపలి ఘనపరిమాణాన్ని కొలిచే గ్రాస్ టన్నేజ్. ఆ కాలంలో వాడిన ఇలాంటి కొలతలోనే టైటానిక్ 46 వేల చిల్లర. టైటానిక్‌లో ఎక్కినవాళ్లందరికీ పడవలు లేవు, ఆ ప్రమాదం తర్వాతే 1914లో సముద్రంలో ప్రాణరక్షణ కోసం దేశాల మధ్య సోలాస్ అనే ఒప్పందం వచ్చింది. ఒయాసిస్ తరహా ఓడల్లో ఒక్కో లైఫ్‌బోట్‌లో 370 మంది పడతారు. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా ప్రమాదం జరిగాక భద్రతా డ్రిల్ ఓడ కదలక ముందే, లేదా కదిలిన వెంటనే జరపాలని నిబంధన బిగించారు. మీరు చేయాల్సింది ఒకటే, ఆ డ్రిల్‌ని ఎగ్గొట్టి బఫేకి పోకండి.

అపోహ: ఓడ దిగం కాబట్టి వీసా అక్కర్లేదు.

రేటు తర్వాత ఎక్కువ నష్టం దీనివల్లే. మయామీలో ఓడ ఎక్కాలంటే మన పాస్‌పోర్ట్‌కి అమెరికా వీసా ఉండాలి, తర్వాత వారమంతా గది తలుపు తీయకపోయినా సరే. సింగపూర్‌లో ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసి తిరిగి సింగపూర్‌లో దిగితే అది రెండోసారి ప్రవేశించడం, వీసా దానికీ చెల్లాలి. యూరప్‌లో బార్సిలోనాలో ఎక్కి మధ్యలో టర్కీ వెళ్లొస్తే షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చేది) ఒక్క ఎంట్రీది సరిపోదు, మల్టిపుల్ ఎంట్రీ కావాలి. రేవులో కాగితాలు సరిగా లేవని ఆపేస్తే సూట్ డబ్బు వెనక్కి రాదు, మీ టెన్షన్ చూసి ఓడ ఆగదు. ముందు వీసా ఎప్పటికి వస్తుందో చూసుకుని, ఆ తర్వాతే చివరి వాయిదా తేదీ ఎప్పుడో చూడండి. అది సాధారణంగా ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే పడుతుంది, అది దాటాక రద్దు చేస్తే కోత పెరుగుతూ పోతుంది.

మిగతావి గబగబా. ప్యాకేజీ మీద ముందుగా వసూలు చేసే టీసీఎస్ అనే పన్ను పోయే డబ్బు కాదు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, మీ ఆడిటర్‌ని అడగండి. ఆరు నెలల లోపు బిడ్డనీ, 24 వారాలు నిండబోయే గర్భిణినీ చాలా కంపెనీలు ఎక్కించుకోవు. శాకాహారం దొరుకుతుందా అని ప్రతి ఒక్కరూ అడుగుతారు: దొరుకుతుంది, సింగపూర్ నుంచి వెళ్లేవాటిలో జైన భోజనం కూడా, ముందే చెప్పాలంతే. ఉగ్గాణి బజ్జీ మాత్రం ఆశించకండి.

చెనిక్కాయల పొడి సీలు వేసిన ప్యాకెట్‌లో ఉంటే ఎక్కేటప్పుడు చాలావరకు ఏమీ అనరు, ఇంట్లో డబ్బాకి కట్టినదైతే వాళ్లు తీసేసుకోవచ్చు. ఎలక్ట్రిక్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె తీసుకెళ్లకండి. మంటలు లేస్తాయనే భయంతో వాటిని స్కానింగ్ దగ్గరే పట్టుకుంటారు, ఎంత పెద్ద సూట్ తీసుకున్నా అంతే, ప్రయాణం అయ్యాకే తిరిగిస్తారు.