మొక్క మంచిదే, చోటే సరిపడలేదు: పూల మొక్కలపై అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్‌లో ఒకావిడ ఎండిపోయిన మందారాన్ని సంచిలో పెట్టుకుని మా నర్సరీకి వచ్చారు. "రెండు పూటలా నీళ్లు పోసిన అన్నా, అయినా ఎండిపాయె" అన్నారు. ఆమె ముందే వేర్ల చుట్టూ ఉన్న మట్టిగడ్డను కత్తితో రెండు చెక్కలుగా కోశాను. పైన అరంగుళం తడిగా ఉంది. లోపలంతా ఇటుకలా గట్టిగా, పొడిగా ఉంది. వేర్లన్నీ ఆ పొడి భాగంలోనే ఉన్నాయి. ఆవిడ పోసిన నీళ్లు పక్కనున్న ఎర్రమట్టిలోంచి జారిపోయాయే తప్ప గడ్డలోకి దిగలేదు.

హైదరాబాద్‌లో పదిహేడేళ్లుగా తోటలు వేస్తున్నాను. ఇలా చచ్చిపోయిన మొక్కల్ని ఎన్ని చూశానో లెక్కలేదు. వాటిలో చాలా వరకు కొన్న రోజున నిగనిగలాడినవే.

అపోహ: నర్సరీలో విరగబూసిన మొక్క మన ఇంట్లోనూ అలాగే పూస్తుంది.

మన దగ్గర అమ్మే మొక్కల్లో పెద్ద వాటా తూర్పు గోదావరి జిల్లాలోని నర్సరీల ఊళ్లు కడియం, కడియపులంక వైపు నుంచి వస్తుంది. అక్కడిది గోదావరి ఒండ్రు మట్టి, గాలిలో తేమ ఎక్కువ. హైదరాబాద్ దక్కన్ పీఠభూమి మీద 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. వేసవి గాలి పొడిగా ఉంటుంది, చలికాలం రాత్రుళ్లు బాగా చల్లబడతాయి. లారీ దిగిన మొక్కకు ఇది కొత్త ఊరే. తెచ్చిన రోజే ఎండలో పెట్టకండి. వారం పది రోజులు చెట్టు నీడలోనో షేడ్‌నెట్ కిందో ఉంచి, తర్వాత ఉదయం ఎండకు అలవాటు చేయండి.

మందారం వేర్ల చుట్టూ ఇటుకలా గట్టిపడిన ఆ జిగురు మట్టి విషయంలో కడియం రైతుల తప్పేమీ లేదు. వందల కిలోమీటర్లు ప్రయాణించే మొక్క వేర్ల దగ్గర మట్టి రాలిపోకుండా ఉండాలంటే అలాంటి మట్టే కావాలి. జాగ్రత్త పడాల్సింది మనమే. నాటే ముందు మొక్కను కవర్‌తో సహా బకెట్ నీళ్లలో ముంచండి. బుడగలు రావడం ఆగాక బయటికి తీసి, కవర్ చించి, గడ్డ అంచుల్ని వేళ్లతో మెల్లగా గుల్ల చేయండి. వేర్లు తెగేలా పగలగొట్టొద్దు. నాటిన మొదటి నెల నీళ్లు మొదలు దగ్గరే నెమ్మదిగా, ఆగి ఆగి పోయండి.

అపోహ: దేశవాళీ మొక్కలే మన ఎండను తట్టుకుంటాయి.

ఇది నమ్మకంతో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల ప్రేమ నాకు అర్థమవుతుంది. తంగేడును ప్రహరీ పక్కన పెంచమని నేనూ అడిగిన ప్రతివాళ్లకీ చెబుతాను. కానీ బతుకమ్మలో తంగేడు పక్కన పేర్చే బంతి పుట్టిల్లు మెక్సికో వైపు. గుళ్లో కనిపించే దేవగన్నేరు కూడా ఆ వైపుదే. కాగితం పూలు బ్రెజిల్ నుంచి, బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చాయి. ఇవన్నీ మన రోహిణి కార్తెను దాటేస్తాయి. చూడాల్సింది ఏ దేశానిదని కాదు, ఎలాంటి వాతావరణానికి అలవాటుపడిందని.

అలాగని బతికే ప్రతి మొక్కా మంచిదని కాదు. చెరువుల్ని కప్పేసిన గుర్రపుడెక్కను ఊదారంగు పూల అందం చూసే దేశదేశాలకూ తీసుకెళ్లారు. అడవుల్లోకి పాకిన లాంటానా కూడా ఒకప్పుడు తోట మొక్కే. గన్నేరు ఎండకూ ఉప్పుగాలికీ చక్కగా నిలబడుతుంది, విశాఖ తీరంలో కూడా పెంచుకోవచ్చు. కానీ ఆకు నుంచి కొమ్మ దాకా విషమే. పసిపిల్లలు, పశువులు తిరిగే ఇంట్లో దాన్ని నాటమని నేను చెప్పను.

అపోహ: ఆకు పసుపయిందంటే ఎరువు చాలలేదు.

నాకు ఎక్కువగా బాధ కలిగించేది ఇదే. ఎందుకంటే ఈ అపోహతో జనం మొక్కను చేతులారా చంపుకుంటారు. నూరువరహాల మొక్కనే తీసుకోండి. ఒక లేత ఆకు కోసి వెలుతురుకు ఎత్తి చూడండి. ఆకంతా నిమ్మపండు రంగులో ఉండి, ఈనెలు మాత్రం పచ్చటి గీతల్లా కనిపిస్తున్నాయా? అది ఇనుము లోపం. కింది ముదురు ఆకులు ముందుగా పసుపయితే సంగతి వేరు. నత్రజని తగ్గి ఉండొచ్చు, లేదా నీళ్లు ఎక్కువై వేరు కుళ్లుతూ ఉండొచ్చు.

ఇక్కడ ఇనుము లోపానికి కారణం చాలాసార్లు బోరు నీళ్లే. కుండీ అంచున తెల్లటి పొర కడుతోందంటే నీటిలో సున్నపు లవణాలు ఎక్కువని గుర్తు. అలాంటి నీళ్లు రోజూ పోస్తుంటే మట్టి ఉదజని సూచిక (pH, అంటే మట్టిలో క్షారగుణం ఎంతుందో చెప్పే అంకె) పెరుగుతుంది. అది 7.5 దాటాక మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. అప్పుడు ఎంత ఎరువు వేసినా ఫలితం ఉండదు, పైగా ఉప్పు పెరిగి వేరు మాడుతుంది. గుడ్డు పెంకులు చల్లినా లాభం లేదు, అదీ సున్నమే.

లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు చేస్తే కొత్త చిగురు పచ్చగా వస్తుంది. వానాకాలంలో డాబా మీది నీళ్లు డ్రమ్ములో పట్టుకుని ఈ మొక్కలకే పోయండి. అన్నభేది కొట్టాల్సిన పనే తగ్గిపోతుంది.

అపోహ: ఎన్ని నీళ్లు పోస్తే అన్ని పూలు.

కాగితం పూల విషయంలో ఇది తలకిందులు. రోజూ నీళ్లు పోస్తే ఆకులు, ముళ్లే పెరుగుతాయి. మొక్క వేరూనుకున్నాక నీళ్లు ఆపండి. కొమ్మ చివర్లు కాస్త వాలాక ఒకసారి తృప్తిగా పోయండి. రోజుకు ఆరు గంటల ఎండ, ప్రతి కాపు తర్వాత కొమ్మల కత్తిరింపు ఉంటే చాలు. మనం పూరేకులనుకునేవి నిజానికి రంగు ఆకులు. అసలు పువ్వు మధ్యలో ఉండే తెల్లటి చిన్న గొట్టం.

మందారం మిట్టమధ్యాహ్నం తలవాల్చిందని టెన్షన్ పడి వెంటనే నీళ్లు పోయకండి. సాయంత్రానికి లేచి నిలబడితే అది వేడికి వాడిపోవడమే. మట్టిలో వేలు రెండో కణుపు దాకా పెట్టి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు.

అపోహ: కుండీ అడుగున రాళ్లు వేస్తే నీళ్లు బాగా దిగిపోతాయి.

మెత్తటి మట్టిలోని నీరు, ఆ మట్టి పూర్తిగా నానేదాకా కిందున్న రాళ్లలోకి జారదు. అంటే తడి పేరుకునే చోటును వేర్లకు ఇంకాస్త దగ్గర చేస్తున్నామన్నమాట. రంధ్రం మీద ఒక పెంకు ముక్క చాలు. కుండీ నిండా గుల్లటి మట్టి ఉండాలి.

అపోహ: చామంతి పూయకపోతే మొక్క గొడ్డుపోయినట్టే.

చామంతికి రాత్రి పొడవు కావాలి. పగళ్లు కురచయ్యాకే మొగ్గ వేస్తుంది. మాకు తెలిసిన ఒక ఇంట్లో పన్నెండు కుండీలుంటే వీధి దీపం వెలుగు పడే మూడు మాత్రం డిసెంబరు దాకా మొగ్గ తొడగలేదు. వాటిని మెట్ల వెనక్కి జరిపించాను. సంక్రాంతికి పూశాయి.

ట్యులిప్ దుంపలు ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు కూడా ఎందుకు పూయలేదని ఇలాగే అడుగుతారు. దానికి వారాల తరబడి గట్టి చలి కావాలి. మైదాన ప్రాంతంలో అది కుదరదు. ఆ డబ్బుతో అక్టోబరులో పెటూనియా, డాలియా నారు కొనుక్కోండి. చలికాలమంతా పూస్తాయి.

మందారం తెచ్చినావిడకు ఆ రోజు నేను ఏ మొక్కా అమ్మలేదు. జూన్‌లో మృగశిర వానలు పడ్డాక రమ్మన్నాను. వచ్చారు. వాళ్ల గోడ పడమటి వైపుది, మధ్యాహ్నం నుంచి ఎండే. అక్కడికి కాగితం పూలు, దేవగన్నేరు ఇచ్చాను. మళ్లీ మందారం కావాలని అడిగితే తూర్పు వాకిలి పక్కన పెట్టమన్నాను. గడ్డను బకెట్‌లో ముంచడం మాత్రం ఆవిడ చేతే చేయించాను.