పేగుల జబ్బుకి మందు వెతికితే కీమో దొరికింది

క్యాన్సర్‌కి కీమో నడుస్తున్న పిల్లల తల్లుల్ని కదిపి చూడండి, జుట్టు రాలడం గురించి రెండు మాటలే చెబుతారు. నోరంతా పూసి పెరుగన్నం ముద్ద కూడా మింగలేక పిల్లాడు ఏడ్చిన రాత్రి గురించి మాత్రం ఆగకుండా చెబుతారు. ఆస్పత్రి గేటు కనబడగానే, ఇంకా సూది గుచ్చకముందే, ఆటోలోనే వాంతి చేసుకున్న సంగతి కూడా. ఈ బాధలు కీమోతోపాటే పుట్టాయి. ఆ పుట్టుకలో మన భీమవరం మనిషి ఒకాయన ఉన్నారు.

యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. నాలుక పూయడం, ఆగని విరేచనాలు, తిన్నది ఒంటబట్టకపోవడం దాని లక్షణాలు. ఆయనకీ అదే వచ్చి, చావు తప్పింది. తర్వాత అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది, అది స్ప్రూకి పనికొచ్చింది. ఆపైన అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా కనిపించి, కొత్త కణాలు పుట్టడానికి అది చేసే పనికి అడ్డుపడే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడే తయారయ్యాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ని లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకిచ్చి చూస్తే 16 మందిలో 10 మందికి కొన్నాళ్లపాటు జబ్బు తగ్గింది. దాని గురించి ఫార్బర్ రాసిన వ్యాసం 1948 జూన్‌లో వచ్చింది, ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు.

నోటిపూత సంగతి ఆ వ్యాసంలోనే ఉంది! క్యాన్సర్ కణాల్లాగే నోటి పొర, పేగు పొర కణాలు కూడా చకచకా పుడుతుంటాయి, మందుకేమో తేడా తెలియదు. అందుకే ఇప్పుడు మెథోట్రెక్సేట్ పెద్ద డోసు ఎక్కించాక, గంటలు లెక్కపెట్టి మరీ విరుగుడుగా ల్యూకోవోరిన్ ఇస్తారు. అదీ ఫోలిక్ యాసిడ్ చుట్టమే.

వాంతుల కథ ఇంకా ఆలస్యంగా కదిలింది. 1978లో అమెరికాలో సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుకి అనుమతి వచ్చాక వాంతులు భరించలేక మందే వద్దన్నవాళ్లున్నారు. 1980లలో మెటోక్లోప్రమైడ్ అనే వాంతుల మందు పెద్ద డోసుల్లో వాడితే వాంతులు తగ్గేవి కానీ, కొందరు పిల్లలకి మెడ, కళ్లు ఒక పక్కకి బిగుసుకుపోయేవి, చూసిన తల్లికి ప్రాణం పోయినంత పనయ్యేది. కీమో దెబ్బకి పేగులోని కణాలు సెరటోనిన్ వదులుతాయని, అది నరం ద్వారా మెదడుకి కబురు పంపి వాంతి తెప్పిస్తుందని తేలాక, ఆ కబురుని ఆపే ఆన్‌డాన్‌సెట్రాన్ 1991లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. మనం మెడికల్ షాపులో ఎమిసెట్ అని అడిగేది దాన్నే. అయితే దీన్ని కీమోకి ముందే ఇవ్వాలి. కీమో మొదటి విడత (సైకిల్)లోనే వాంతుల్ని అదుపు చేయకపోతే ఆ భయం పిల్లల మనసులో నాటుకుపోతుంది, గేటు దగ్గర వాంతికి మూలం ఎక్కువగా అదే.

నా లెక్కలో అందరూ తేలిగ్గా తీసుకునేది మలబద్ధకం. బిళ్ళగన్నేరు మొక్క నుంచి వచ్చిన వింక్రిస్టిన్ అనే కీమో మందు 1960ల నుంచీ పిల్లల లుకేమియాలో వాడుతున్నదే, అది పేగుల్ని కదిలించే నరాల్ని మందగింపజేస్తుంది. ‘ఏమీ తినట్లేదు కదా, విరేచనం ఎక్కడ అవుతుందిలే’ అని ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు. నర్సు రోజూ ‘మోషన్ అయిందా?’ అని అడిగేది ఊరికే కాదు. తెల్లకణాల కౌంట్ పడిపోయినప్పుడు ఇంట్లో ఎనిమా పెడితే ఇన్ఫెక్షన్ ప్రమాదం, అందుకే లాక్టులోజ్ లాంటి సిరప్ ముందే రాసిస్తారు, ఇంటికెళ్లాక ఫ్రిజ్ మీద మర్చిపోయేదీ ఆ సీసానే.